మూల గిల్లిన రొట్టెముక్క

"ఆ సీసాలు బల్ల మీంచి తీసేదాకా ఈ ఇంట్లో నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను," అంది అత్తగారు, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని.

అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ. పొద్దున తాగిన టీ తర్వాత ఆవిడ గొంతులోకి ఏదీ దిగలేదు. భోజనాల బల్ల ఆ చివర, సీసాలకు ఎంత దూరం జరగవచ్చో అంత దూరం జరిగి కూర్చుంది. లేచి తన గదిలోకి పోవచ్చు కదా అంటే పోదు. పోతే పంతం ఎవరికి కనిపిస్తుంది?

బల్ల మీద సీసాలు బారులు తీరి ఉన్నాయి. మూతలు బిగించి, మూతల చుట్టూ టేపు చుట్టి ఉన్నాయి కాబట్టి వాసన వచ్చే వీల్లేదు. అయినా ఇంటిల్లిపాదికీ వస్తోంది. ఒక్కో సీసాలో ఒక్కో రొట్టెముక్క. సగం ముక్కలు ఎండి, అక్కడక్కడా చిన్న మచ్చపడి ఊరుకున్నాయి. మిగతా సగాన్ని రొట్టె అనడానికి నోరు రాదు. బూడిదరంగు నూగు మొలిచి, ఆ నూగు మీద నల్లటి చుక్కలు లేచి, అంచులు పసుపుగా కరిగి, సీసా అడుగున చిక్కటి జిగట చేరింది.

కోడలు గోడకు ఆనుకుని వాటినే చూస్తోంది. మూడో తరగతికి సైన్సు చెప్పే ఆమెకు బూజంటే అసహ్యం లేదు. బూజు తన పని తాను చేసుకుపోయింది, ఎవరినీ మోసం చేయలేదు. ఆమెకు అసహ్యం వేస్తున్నది సీసాల మీది చీటీలను చూసి.

నిన్న సాయంత్రం బడి వదిలేటప్పటికి "బడి నీళ్ళు" అన్న చీటీ ఉన్నది జిగట కారే సీసాల మీద. "ఇంటి నీళ్ళు" అన్న చీటీ ఎండిన ముక్కల మీద. ఈ పొద్దున తరగతి అలమర తెరిచేసరికి అంతా తారుమారు. బడి నీళ్ళ సీసాల్లో ముక్కలు పెళ్ళికి తయారైనట్టు శుభ్రంగా ఉన్నాయి, ఇంటి నీళ్ళ సీసాలు కుళ్ళిపోయి ఉన్నాయి. బూజు సీసాలోంచి సీసాలోకి దూకదు. చీటీలు దూకాయి.

ఎవరు మార్చారని ఇల్లు చేరినప్పటి నుంచీ అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ ఇంట్లో అందరికీ ఒక్కసారిగా చెవుడు వస్తోంది.

బావగారు కిటికీ దగ్గర నిలబడి ఫోనులో కుర్చీల గురించి మాట్లాడుతున్నారు. రేపు బడిలో తల్లిదండ్రుల సమావేశం, దానితోపాటే సైన్సు ప్రదర్శన. ఆయన పెళ్ళి ఊసెత్తని మనిషి. అన్నదమ్ములు కలిసి కట్టిన బడే నా సంసారం అంటారు. గోడలకు ఏ రంగు వేయాలో, పిల్లల బూట్లకు ఎన్ని కన్నాలుండాలో అన్నీ ఆయనే చూస్తారు. నీళ్ళూ, పైపులూ, బస్సులూ వంటి కంటికి ఆనని పనులు తమ్ముడికి వదిలేశారు. ఆ తమ్ముడే ఆమె భర్త.

ఫోను పెట్టేసి బావగారు ఆమె వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచరు, ఎదుటివాళ్ళ గొంతు తగ్గేదాకా చూస్తారు.

"చూడమ్మా. సాయంత్రానికల్లా ఇవన్నీ వీధి చివర చెత్తకుండీలో ఉండాలి. రేపు మీ తరగతి ముందు అగ్నిపర్వతం పెడుతున్నాం. చెప్పి తెప్పించాను. మీట నొక్కితే పొగ కూడా వస్తుంది."

"పిల్లలు చేశారా బావగారూ దాన్ని?"

"చేయడమెందుకు? తెల్లకోటు వేసుకుని పక్కన నిలబడి నాలుగు ముక్కలు అప్పజెప్తారు. తల్లిదండ్రులకు కావలసింది అదే."

ఆమె భర్త కుర్చీలో కూర్చుని బొటనవేలితో చూపుడువేలు రుద్దుకుంటున్నాడు. రుద్దుతున్నాడు, చూసుకుంటున్నాడు, మళ్ళీ రుద్దుతున్నాడు. నీళ్ళ సంగతేమిటని ఆమె అడిగితే, సెలవుల్లోనే ట్యాంకు కడిగించామని బావగారు చెప్పారు. కావాలంటే నీ మొగుణ్ణే అడుగు అన్నారు. అతను తలెత్తకుండానే ఊపాడు.

ఆ ఊపు చూసి ఆమె పెరటి వైపు నడిచింది. ఒక్కమాట రండి అని అతనికి మాత్రం వినపడేలా అంది.

అసలు ఈ రొట్టెముక్కల గొడవ మొదలైంది చేతులు కడుక్కోవడం దగ్గర.

చేతులు శుభ్రంగా కడుక్కోండి అని చెబితే ఏ పిల్లలు వింటారు? ఆమె చెప్పదు. ఏదైనా సరే పిల్లల చేతనే చేయిస్తుంది. శబ్దం పాఠమంటే పిల్లలంతా బల్లలకు చెవులు ఆనించి పడుకుంటారు, ఆ కొసన ఒకడు గోటితో గీరుతాడు. గాలి పాఠమంటే సీసాలో వెనిగర్ పోసి, బుడగలో సోడా ఉప్పు నింపి మూతికి తొడిగి, బుడగ దానంతట అది ఉబ్బుతుంటే నోళ్ళు తెరుచుకుని చూస్తారు. ఇసుకలో అయస్కాంతం ఈదిస్తారు. తడి దూదిలో గింజలు పెట్టి కొన్ని కిటికీలో, కొన్ని అలమరలో ఉంచి, చీకట్లోవి ఎందుకలా పాలిపోయి పొడుగు సాగాయని పోట్లాడుకుంటారు. ఏమవుతుందో ముందు మీరే చెప్పండి అంటుంది ఆమె. చేతులు లేస్తాయి. తర్వాత చేసి చూస్తారు. చెప్పింది తప్పయితే తప్పయిన వాడే అందరికన్నా గట్టిగా నవ్వుతాడు. పక్క తరగతుల్లో నీటిచక్రం బొమ్మకు రంగులు వేస్తుంటే ఈ గదిలో ఇంత గోలేమిటని బావగారు చాలాసార్లు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

మొదటిసారి రొట్టెముక్కల్ని మూడు రకాలుగా పెట్టారు. చెయ్యి తగలనిది ఒకటి, ఆడుకుని వచ్చిన చేతులతో నొక్కింది ఒకటి, సబ్బుతో కడుక్కున్న చేతులతో నొక్కింది ఒకటి. మట్టి చేతుల ముక్కే ముందు కుళ్ళుతుందని తరగతి మొత్తం చెయ్యెత్తింది. ఆమె కూడా మనసులో ఎత్తింది. తీరా చూస్తే కడిగిన చేతుల ముక్కే అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా అసహ్యంగా కుళ్ళింది.

పిల్లలు సరిగా చేయలేదని బావగారు తేల్చేశారు. ఆమె అలా తేల్చలేదు. చేతులు తడిగా ఉండటం వల్ల కావచ్చు, తడి ఉంటే బూజుకు పండగే. అందుకని రెండోసారి అందరి చేతులూ ఒకేలా తడిపించింది. సబ్బు ఒకటే, రొట్టె ఒకటే. సగం మంది బడి కుళాయి కింద కడుక్కున్నారు, సగం మంది ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళతో కడుక్కున్నారు. ఇక తేడా ఉంటే అది నీళ్ళలోనే ఉండాలి.

ఇంకో పని కూడా చేశారు, అది ఆ తరగతి సొంత అలవాటు. గింజల పాఠమప్పుడు చీటీలు తడిసి ఊడిపోయి, ఏది ఎవరిదో తెలియక పిల్లలు ఏడ్చారు. అప్పటి నుంచి పైన చీటీ ఉన్నా సరే, లోపలి వస్తువు మీద కూడా ఒక గుర్తు పెట్టుకుంటారు. ఈసారి బడి నీళ్ళ ముక్కలన్నింటికీ ఒక మూల గిల్లారు. ఈ సంగతి పిల్లలకు తెలుసు, వాళ్ళ టీచరుకు తెలుసు. చీటీలు మార్చిన మనిషికి తెలియదు.

వారం గడిచేసరికి మూల గిల్లిన ముక్కలు జిగటయిపోయాయి. బస్సు డ్రైవరు కూతురు, ముందు పళ్ళు రెండూ లేని పిల్ల, లేచి నిలబడి "టీచర్, మన నీళ్ళే బాలేవు" అంది. ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తనే చూసి, తనే అనుకుని, తనే చెప్పింది. ఆ క్షణంలో ఆమెకు ఒళ్ళు పులకరించింది. బడి తెరిచినప్పటి నుంచీ కడుపునొప్పి అంటూ పిల్లలు రాక బల్లలు ఎందుకు ఖాళీ అవుతున్నాయో కూడా అప్పుడే తట్టింది, పులకరింత అక్కడితో పోయింది.

ఈ పొద్దున అదే పిల్ల అలమర ముందు నిలబడి చీటీలు చదువుకుంది. మళ్ళీ చదివింది. వెనకనుంచి ఎవరో నవ్వారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "నేనే తప్పు చెప్పాను టీచర్. మా ఇంటి నీళ్ళే చెడ్డవి. ఇక ఇంట్లో తాగను," అంది. అని ఊరుకోలేదు. తప్పు దిద్దుకోవాలనే తొందరలో వరండాలోని కుళాయి దగ్గరికి పరిగెత్తి, దోసిలి పట్టి గటగటా తాగింది.

ఆమె పరిగెత్తుకెళ్ళి ఆ పిల్ల చెయ్యి లాగేసరికి కావలసినంత కడుపులోకి పోయింది. గడ్డం మీంచి నీళ్ళు కారుతుండగా, మంచి పని చేశానన్నట్టు చూసింది ఆ పిల్ల.

అప్పుడు అదే తరగతిలో చదివే ఆమె సొంత కూతురు వచ్చి కొంగు లాగింది. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తుందని తండ్రి దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టాడు. "అమ్మా, మూలలు చూడు," అని చెవిలో చెప్పింది.

చూసింది. బుట్టలో సీసాలన్నీ సర్దుకుని, ఖాళీగా ఉన్న ఒక సీసాలో కుళాయి నీళ్ళు పట్టుకుని, సమావేశం ఏర్పాట్ల కోసం ఒంటిపూటకే బడి వదలగానే కూతుర్ని వెంటబెట్టుకుని తిన్నగా ఇంటికి వచ్చింది.

పెరట్లో గిన్నెలు కడిగే తొట్టి పక్కన మెట్టు మీద భర్త వచ్చి కూర్చున్నాడు. ఇంకా వేలు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"సబ్బుతో పోదు. కిరసనాయిలు పెట్టండి, జిగురు వదులుతుంది," అంది ఆమె.

అతను చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అది చూసి ఆమెకు అతని మీద జాలి కూడా కలగలేదు.

కాసేపటికి తనే చెప్పుకొచ్చాడు. అంతా ఆమె కోసమే చేశాడట. రేపు ఆ సీసాలు తల్లిదండ్రుల కంటపడితే అన్నయ్య ఆమెను బళ్ళోంచి తీసేస్తాడట. తీసేస్తే ఇంట్లో రోజూ గొడవ, మధ్యలో అమ్మ. ఎవరికీ నష్టం లేకుండా పోతుందని పొద్దున్నే వెళ్ళి నాలుగు చీటీలు అటూ ఇటూ మార్చాడట. చిన్నపిల్లలు, వాళ్ళకేం గుర్తుంటుంది అన్నాడు. నీ మంచికే అన్నాడు. అది చాలాసార్లు అన్నాడు.

"డ్రైవరు కూతురు కుళాయి దగ్గర దోసిళ్ళతో తాగింది," అంది ఆమె. "మీ చీటీ చదివి తాగింది."

అతను పెరటి గోడ వైపు చూపు తిప్పుకున్నాడు.

"అదొక్కటే కాదు. తన కళ్ళతో చూసింది తప్పనుకుంది. నాకు క్షమాపణ చెప్పింది. దానికి నేను ఇన్నాళ్ళూ నేర్పిందంతా మీరు ఒక్క పొద్దుటిపూట ఊడగొట్టారు."

"పెద్ద పెద్ద మాటలెందుకు? రొట్టెముక్కలే కదా."

ఆమె తొట్టి వైపు చూసింది. కడగాల్సిన గిన్నెల మధ్య ఎందుకమ్మ నీళ్ళసీసా ఉంది. నీలం రంగుది. రోజూ పొద్దున్నే దాన్ని అతనే కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళు అతనే పోసి, మూత అతనే బిగిస్తాడు. ఇల్లు కాలిపోతున్నా ఆ పని మరవడు. నా చిన్నకొడుక్కి కూతురంటే ప్రాణమని అత్తగారు వీధి వీధంతా చెప్పుకుంటుంది. ఆమె కూడా ఎంతో మురిసిపోయింది.

చూస్తుండగానే ఆ మురిపెం అనుమానంగా మారింది.

"ఈ సీసా మీరు ఎప్పటి నుంచి నింపుతున్నారు?"

"అదేం ప్రశ్న? తండ్రిని కానా?"

"ఎప్పటి నుంచి అని అడిగాను. బడి తెరిచినప్పటి నుంచి. అంతకుముందు దాని సీసా ఎక్కడుంటుందో కూడా మీకు తెలియదు. బళ్ళో నీళ్ళు తాగొద్దు, ఇది చాలకపోతే దాహంతోనే ఇంటికి రమ్మని దానికి చెప్పారు. నేను విన్నాను. ముద్దు అనుకున్నాను."

అతను మెట్టు మీద ముడుచుకుపోయాడు. ఇక దాచడానికి ఏమీ లేనప్పుడు మనుషులకు మాటలు సులువుగా వస్తాయి. సెలవుల ఆఖర్లో ట్యాంకు చూద్దామని పైకెక్కాడట. సిమెంటు మూత విరిగి సగం లోపల పడి ఉందట. నీళ్ళ మీద ఈకలు తేలుతున్నాయట. పావురాలు. ఒకటి కాదు. ఎప్పుడు పడ్డాయో ఏమో, గడకర్రతో లాగితే చేతికి వచ్చే స్థితిలో లేవు. వచ్చినంత తీసి గోడ అవతలికి విసిరాడు. పైన ఒక రేకు కప్పాడు. ట్యాంకు ఖాళీ చేసి కడిగించాలంటే బడి తెరవడం వెనక్కి జరగాలి, కొత్తగా చేర్పించిన వాళ్ళు కారణం అడుగుతారు. ప్రదర్శన అయ్యాక చూద్దాంలే అన్నాడట అన్నయ్య.

ఆమెకు ఆ రోజు గుర్తొచ్చింది. ఆ రోజు అతను భోజనం దగ్గరి నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఒంట్లో బాగాలేదేమోనని ఆమె తల పట్టింది, పాలు వేడిచేసి ఇచ్చింది. పక్కన కూర్చుని అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు ఆ చేతిని చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. కానీ జలదరింత పావురాలది కాదు. చచ్చిన పిట్టను ముట్టుకున్న చెయ్యి కడుక్కుంటే పోతుంది. మర్నాటి పొద్దున్నే ఆ చేత్తో తన బిడ్డ ఒక్కదానికే మంచినీళ్ళు పోసి, మిగతా పిల్లలందరినీ కుళాయికి వదిలేశాడు. దానికి ఏ సబ్బూ లేదు.

"మిగతా పిల్లలు?" అంది.

"వాళ్ళకేమీ కాలేదుగా."

ఆమె అక్కడినుంచి వచ్చేసింది. ఇంకొక్క క్షణం ఉంటే నోటికి ఏం వచ్చేదో ఆమెకే తెలియదు.

బల్ల దగ్గర అత్తగారు, బావగారు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. ఆమె వంటింట్లోంచి గాజుగ్లాసు తెచ్చింది. బుట్టలోంచి నీళ్ళసీసా తీసి గ్లాసులో పోసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి, చూస్తే ఎవరికైనా దాహం వేస్తుంది. వెనకే వచ్చిన భర్త గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఇవి ఈ పొద్దున బడి కుళాయిలో పట్టిన నీళ్ళు," అంది. "ట్యాంకు కడిగించామన్నారు కదా బావగారూ. తాగండి. మీరు తాగితే సీసాలు నేనే చెత్తలో పడేసి వస్తాను. రేపు అగ్నిపర్వతం పక్కన తెల్లకోటు వేసుకుని నేను కూడా నిలబడతాను."

బావగారు గ్లాసు వంక చూశారు. దాహంగా లేదన్నారు. ఇంట్లో ఇలాంటి నాటకాలు తనకు నచ్చవన్నారు. పిల్లలకు పాఠం చెప్పమంటే పెద్దలకు పరీక్షలు పెడుతున్నావా అన్నారు.

"నాటకమేమిట్రా, నీళ్ళే కదా," అంది అత్తగారు విసుగ్గా. పొద్దుట్నుంచీ ఆవిడ నోరు ఎండిపోయి ఉంది, పైగా కొడుకుని కోడలు నిలదీస్తుంటే చూడలేకపోతోంది. "నా కొడుకులు కట్టిన బడి. అక్కడి నీళ్ళు తాగితే నేనేం చచ్చిపోను. ఇలా తే. నేను తాగుతాను, ఈ గోల ఇక్కడితో సరి."

"వద్దత్తయ్యా," అని ఆమె గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఇది ఆమె అనుకున్నది కాదు. అత్తగారు ఆ చేతిని తోసేసింది. ముక్కు మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని గ్లాసు అందుకుంది.

ఆమె బావగారి వైపు చూసింది. ఆయనకు తెలుసు. ఒక్క మాట చాలు, వద్దమ్మా అంటే చాలు. ఆయన కిటికీలోంచి వీధిలోకి చూడసాగారు. వీధిలో ఏమీ లేదు. కన్నతల్లి గ్లాసు ఎత్తుతోంది, పెదాల దాకా వచ్చింది, ఆయన ఇంకా వీధిలోకే చూస్తున్నారు.

గుమ్మం దగ్గరి నుంచి భర్త ఒక్క అంగలో వచ్చి గ్లాసును కొట్టాడు. అది నేల మీద పడి పగిలింది. నీళ్ళు గది మధ్యలో పరుచుకున్నాయి.

నీళ్ళు పాకుతూ బల్ల కిందికి వచ్చాయి. అత్తగారు చటుక్కున కాళ్ళు రెండూ కుర్చీ మీదికి తీసుకుంది. కిటికీ దగ్గర బావగారు ఒక అడుగు వెనక్కి వేశారు. భర్త చెప్పుల్లేని పాదాన్ని పక్కకు జరుపుకున్నాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, కాళ్ళు వాటంతట అవే తప్పుకున్నాయి.

వీధిలో ఆడుకుంటున్న ఎందుకమ్మ గాజు పగిలిన చప్పుడుకు పరిగెత్తుకొచ్చింది. పెరటి తలుపు గుండా వచ్చిందేమో, తొట్టిలోంచి తీసుకున్న నీలం సీసా చేతిలో ఉంది. సగం నీళ్ళు ఇంకా అందులోనే ఉన్నాయి. గాజుపెంకులు చూసింది, నీళ్ళు చూసింది, కుర్చీ మీద కాళ్ళు ముడుచుకున్న నాన్నమ్మను చూసింది. బల్ల మీద మూత తీసి ఉన్న సీసాను కూడా చూసింది. పొద్దున అమ్మ దాన్ని కుళాయి కింద పట్టడం తను చూసిందే.

"ఇవి మా బడి నీళ్ళే కదా," అంది. "మా క్లాసులో అందరూ రోజూ తాగేవే. నాన్నమ్మ ఎందుకు కాళ్ళెత్తేసింది?"

అత్తగారు చిన్నకొడుకు వైపు చూసింది, అతను తల దించుకున్నాడు. మనవరాలి చేతిలోని నీలం సీసా వైపు చూసింది. చాలాసేపు చూసింది. వీధి వీధంతా చెప్పుకున్న మాటలన్నీ ఆవిడకు ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నట్టున్నాయి. ఆఖరికి పెద్దకొడుకు వైపు తిరిగింది.

"పిల్ల అడుగుతోంది. చెప్పరా పెద్దోడా."

బావగారు నేల మీది బుట్ట పైకి లాగి, సీసాలు ఒక్కొక్కటే అందులో వేయడం మొదలుపెట్టారు. తొందరపడలేదు. చెత్తకుండీ దాకా తనే వెళ్తానన్నారు. రేపు పొద్దున బడి గేటు దగ్గర కూడా తనే నిలబడతానన్నారు. ఎవరి చేతిలో ఏముందో చూశాకే లోపలికి పంపుతారట. కోడలు అడ్డం వెళ్ళబోతే అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఎందుకు ఆపిందో ఆమెకు అర్థం కాలేదు. ఆవిడ చూపు మాత్రం వీధి గుమ్మం మీద ఉంది.

గుమ్మంలో ఆమె భర్త నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వెళ్ళి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు.

"తప్పుకో," అన్నారు బావగారు, బుట్ట చంకనేసుకుని.

పుట్టినప్పటి నుంచీ అన్న తప్పుకోమంటే తప్పుకున్న మనిషే అతను. ఇప్పుడూ పాదం కదిలింది.

ఎందుకమ్మ నీలం సీసా మూత తిప్పింది. తండ్రి చూస్తుండగా, అందులోని నీళ్ళన్నీ తడినేల మీద ఒంపేసింది. అల్లరిగా ఒంపలేదు, పాఠం చేస్తున్నంత శ్రద్ధగా, ఆఖరి చుక్క దాకా ఒంపింది.

"రేపటి నుంచి నాకు నింపొద్దు నాన్నా," అంది. "నేను కూడా కుళాయి దగ్గరే తాగుతా. మా వాళ్ళతోపాటు."

"తప్పుకోరా," అన్నారు బావగారు రెండోసారి.